గోరు లేని వేలు

సంతాప సభలో మా ప్రిన్సిపాల్ మైకు ముందు నిలబడి ఆయన్ని "సౌమ్యుడు, మితభాషి" అన్నాడు. నేను ఫక్కున నవ్వాను. దండ వేసిన ఫోటో ముందు నవ్వడం తప్పే. ఆపుకోలేకపోయాను. వెనక వరుసలో కూర్చున్న అటెండరు మస్తాన్ తల వంచుకుని భుజాలు కదిలిస్తున్నాడు. ఏడుస్తున్నాడో, నవ్వుతున్నాడో తెలియలేదు. మస్తాన్‌కు ఎడమ చెవి ఇప్పటికీ సరిగ్గా వినపడదు. ఆ సౌమ్యుడు కొట్టిన దెబ్బే.

ప్రిన్సిపాల్‌ను అనడానికేం లేదు. బదిలీ మీద కొత్తగా వచ్చినవాడు, ఆయన చివరి రోజులు మాత్రమే చూశాడు. నేను అంతకు ముందున్న మనిషిని చూశాను. మా డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం ల్యాబు నాది, జంతుశాస్త్రం ల్యాబు ఆయనది, మధ్యలో ఒక్క గోడ. అవతల ఏం విరిగిందో చప్పుడును బట్టి చెప్పగలిగేదాన్ని. డస్టరైతే ఒక చప్పుడు, స్టూలైతే ఒక చప్పుడు. గాజు బీకరు పగిలిందంటే మాత్రం ఎవరో పిల్లవాడు గబ్బిలాన్ని పట్టుకుని "పక్షి" అని ఉంటాడు.

గబ్బిలాలంటే ఆయనకు పిచ్చి. పిచ్చి అనే మాట ఊరికే అనడం లేదు. కళ్యాణదుర్గం బస్టాండులో ఒక గబ్బిలాన్ని డబ్బాలో పెట్టి చూపిస్తూ కీళ్లనొప్పులకు గబ్బిలం నూనె అమ్ముతున్న మనిషి సీసాలన్నీ నేలకేసి కొట్టి, అతని చొక్కా పట్టుకుని గోడకు అదిమి, "దీంట్లో ఉండేది ఆముదం, నీ మొగం, కానీ ఆ డబ్బాలో ఉండేది నిజం గబ్బిలాయిరా!" అని అరిచిన రోజున నేను బస్సు కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. జనం ఆయన్ని కొట్టారు. ఆయనా కొట్టాడు. పెదవి చిట్లి రక్తం కారుతుండగా బస్సెక్కి నా పక్క సీట్లో కూర్చుని, "క్లాసుకు టైమైందేమో చూడుమ్మా" అన్నాడు.

మస్తాన్ సంగతి కూడా అలాంటిదే. ల్యాబులో గుడ్డ సంచిలోంచి జారిన గబ్బిలాన్ని మస్తాన్ చీపురుతో కొట్టాడు. ఈయన చెయ్యి చాచి మస్తాన్ చెవి మీద కొట్టాడు. చెవిలోంచి రక్తం వచ్చింది. అప్పుడు ఆయనే స్కూటరు వెనక కూర్చోబెట్టుకుని అనంతపురం ఆసుపత్రికి తీసుకుపోయాడు. మస్తాన్ ఆ కథ చెప్పినప్పుడల్లా ఇలా ముగిస్తాడు: "కొట్టినాయనే మోసుకుపోయినాడు మేడం. దారంతా తిట్టినాడు. కానీ ఆ చెవికి వినపల్యా." మస్తాన్ క్షమించాడు. నేనైతే క్షమించేదాన్ని కాదు, ఆ మాట ఆయనతోనే అన్నాను. "నేనూ క్షమించనులేమ్మా" అన్నాడు.

ఆయనకొక అలవాటు. కుడి చేతి చూపుడు వేలు నిటారుగా ఎత్తి, ఎడమ చేత్తో దాని కొసను పట్టుకుని చూపించేవాడు. చూసేవాళ్లకు బెదిరిస్తున్నట్టుండేది. బెదిరింపు కాదు, అది పాఠం. "బొటనవేలికి గోరుంటాది. దాన్ని వదిలెయ్యండి. కుక్కమూతి గబ్బిలాయిలుండాయే, పండ్లు తినేవి, వాటికి ఈ రెండో వేలికీ గోరుంటాది. వాటి కుటుంబంలోనే ఒకటుండాది, తేనె తాగేది. మూతి సన్నం, నాలిక పొడుగు, నాలిక కొసన బ్రష్షు. దానికి ఈ వేలికి గోరుండదు. గోరుందా, లేదా? అంతే తేడా!" ఇది తరగతి గదిలోనే ఉండిపోతే బాగుండేది. బస్సు కండక్టరుతో, కరెంటాఫీసు వాళ్లతో, సెలవు ఇవ్వని పాత ప్రిన్సిపాల్‌తో కూడా, మాట తేలకపోతే వేలెత్తి "గోరుందా, లేదా? అది చెప్పు ముందు" అనేవాడు. వాళ్లు బిత్తరపోయి చూసేవాళ్లు.

వంశావళి చెప్పేటప్పుడు మరీ రెచ్చిపోయేవాడు. తేనె తాగే గబ్బిలాలన్నిటికీ నాలుక పొడుగని వాటన్నిటినీ ఒకప్పుడు ఒకే శాఖలో వేశారట. తర్వాత రక్తం, జన్యువులు పరీక్షిస్తే మన గుహల్లో ఉండే తేనె గబ్బిలం మిగతా తేనె గబ్బిలాలకు కాక, అదే గుహలో దాని పక్కన వేలాడే పండ్ల గబ్బిలానికి దగ్గరి చుట్టమని తేలిందట. "నాలిక చూసి చుట్టరికం కలిపేది మన ఊర్లలోనే అనుకుంటిమి, సైన్సులో కూడా ఉండాది!" అని బల్ల చరిచేవాడు. బల్ల మీది సీసాలు గలగలమనేవి.

ఆయన ల్యాబులో ఒక పటం ఉండేది. ఆ తేనె గబ్బిలం ఎక్కడెక్కడ ఉందో చుక్కలు పెట్టిన పటం. బర్మా నుంచి జావా దీవుల దాకా చుక్కలే చుక్కలు. మన దేశంలో ఈశాన్యపు కొండల్లో కొన్ని, అండమాన్‌లో కొన్ని, దక్షిణాన పడమటి కనుమల గుహల వైపు కొన్ని. మన అనంతపురం ఎండ నేల ఉండే చోట ఏమీ లేదు, ఖాళీ. ఆ ఖాళీ మీద ఆయన వేలు పెట్టి పెట్టి కాగితం నల్లబడి, చివరకు చిల్లి పడింది. అక్కడొక చుక్క పడాలి. ఆయన బతుకులో ఇంకే కోరికా నాకు కనబడలేదు.

ఒక రోజు సన్నగా రక్తం కారుతున్న బొటనవేలితో మా ల్యాబులోకి వచ్చాడు. గబ్బిలం కరిచిందట. అడ్డూ ఆపూ లేని ఆనందం మొహం నిండా. గాజు పలక నా ముందు పెట్టి, "ఏమ్మా, దాని గొంతు కింద బొచ్చులో దొరికింది. ఏం పువ్వు పుప్పొడో చెప్పు" అన్నాడు. మైక్రోస్కోపులో చూశాను. బూరుగు. కొంచెం అరటి కూడా. అంతే, ఆయన నా బల్ల మీద పిడికిలితో ఎంత గట్టిగా గుద్దాడంటే పలక ఎగిరి కింద పడి ముక్కలైంది. "తేనె తాగిందమ్మా! పండు కాదు, తేనె! వేలికి గోరు లేదు, నేను చూసినా. కళ్లారా చూసినా!" అని నా భుజాలు పట్టుకుని ఊపాడు. ఆయన రక్తం నా చీర మీద పడింది. ఆ మరక పోలేదు. ఆ చీర నా దగ్గర ఇంకా ఉంది.

ఆ గబ్బిలాలు కళ్యాణదుర్గానికి, రాయదుర్గానికి మధ్య ఒక రాతిగుట్ట గవిలో ఉన్నాయి. గుహను మా వైపు గవి అంటాం. ఊరి పేరు రాయను. ఆయన వాటిని పట్టి, వేలు చూసి, ఫోటోలు తీసి, వదిలేసి వచ్చాడు. ఫోటోలు ఒక పెద్ద నగరంలో జంతువుల లెక్కలు చూసే పెద్దలకు పంపాడు. వాళ్లు ఫోను చేసి, ఫోటో చాలదు, ఒక్క దాన్ని చంపి సీసాలో పెట్టి పంపండి, అప్పుడే లెక్కలోకి వస్తుంది అన్నారు. ఆయన ఫోను గోడకేసి కొట్టాడు.

"దాంట్లో అంత కోపమెందుకు సార్? నేను మొక్కల్ని పీకి ఎండబెట్టి అతికించడం లేదా?" అన్నాను.

"నీ ఆకు అరుస్తాదామ్మా?" అన్నాడు. మనుషుల్ని కొట్టడానికి ఒక్క క్షణం ఆలోచించని మనిషి, ఒక గబ్బిలాన్ని చంపలేక చుక్క వదులుకున్నాడు. అప్పుడు ఆయన మీద నాకు కలిగిన గౌరవం ఆయనకు చెప్పలేదు, చెప్తే మళ్లీ బల్ల గుద్దుతాడని.

చుక్క పటం మీద పడకపోయినా ఊరికన్నా చెప్పుకోవాలనుకున్నాడు. అక్కడే చెడింది. లడ్డూల డబ్బా తీసుకుని, బూరుగు చెట్లు చూద్దువు రమ్మని నన్ను కూడా స్కూటరెక్కించుకుని ఆ ఊరికి పోయాడు. బడి అరుగు మీద గొర్రెల కాపర్లు, ఆడవాళ్లు చేరారు. అందరికీ లడ్డూలు పంచి, వేలెత్తి మొదలుపెట్టాడు.

"మీ గవిలో ఉండేవి మామూలు గబ్బిలాయిలు కాదప్పా! ఈ చుట్టుపక్కల యాడా లేవు. వజ్రకరూరు పొలాల్లో వజ్రాలు ఏరుకునేదానికి జనం వచ్చినట్ల మీ గుట్టకు దేశం నుంచి జనం వస్తారు. గవర్నమెంటు వస్తాది. గుట్ట చుట్టూ కంచేస్తారు. ఒక్కరు లోపల కాలు పెట్టకుండా కాపలా పెడతారు!"

హనుమంతు అని ఒక పెద్దాయన, నెత్తిన రుమాలు, భుజాన కంబళి, ఊరి కాపర్లకు ఆయన మాటే మాట. మెల్లగా అడిగాడు. "కంచేస్తే మా గొర్లు యాడ మేయాల సామీ?"

"గొర్లకేమప్పా, యాడన్నా మేస్తాయి. వీటికి ఈ గవి ఒక్కటే ఇల్లు."

ఆ ఏడు వేరుశనగ మొలకెత్తిన చోటే మాడిపోయింది. ఊరి చుట్టూ గొర్రె నోటికి అందే పచ్చదనం ఆ గుట్ట వాలులో తప్ప ఎక్కడా లేదు. ఆ సంగతి అరుగు మీద ఉన్న అందరికీ తెలుసు. ఆయనకూ తెలుసు, కానీ ఆ పూట ఆయన తలలో గబ్బిలాలకు తప్ప దేనికీ చోటు లేదు. హనుమంతు లడ్డూ తినలేదు. రుమాలు చెంగున కట్టుకుని లేచి వెళ్లిపోయాడు.

కొన్నాళ్లకు ఒక ఆదివారం పొద్దున్నే ఆయన మా ఇంటి ముందు స్కూటరు ఆపి, హారను మోగిస్తూనే ఉన్నాడు. మస్తాన్ వాళ్ల చిన్నమ్మది ఆ ఊరే. ఆమె ఫోను చేసిందట. "ఎక్కు" అన్నాడు అంతే.

రోడ్డు మీద నుంచే పొగ కనబడింది. గవి నోటి దగ్గర లారీ టైర్లు కాలుతున్నాయి. వాటి మీద ఎండుమిరపకాయలు పోశారు. దూరం నుంచే మా గొంతులు మండాయి. లోపల నుంచి గుడ్డివై బయటికి వస్తున్న గబ్బిలాల్ని కాపర్లు ముళ్లకంపలతో కొట్టి నేలకు పడేస్తున్నారు. పడినవాటిని చెప్పుకాళ్లతో తొక్కుతున్నారు. తల్లుల పొట్టకు కరుచుకున్న పిల్లలు అలాగే కరుచుకుని నలిగిపోతున్నాయి. వాటి అరుపు సన్నం. అన్నీ కలిసి అరిస్తే మాత్రం చెవుల్లో సూదులు దిగినట్టుంది. ఒక బండను ఆనుకుని నిలబడ్డాను.

ఆయన గుట్ట ఎక్కలేదు, ఎగబాకాడు. హనుమంతు చేతిలోని కర్ర లాక్కుని ఆ ముసలాయన భుజం మీద, తల మీద కొట్టాడు. రుమాలు ఎర్రబడింది. మళ్లీ కొట్టాడు. "చంపేస్తాండాడ్రా" అని ఎవరో అరిచారు. కుర్రకాపర్లు నలువైపుల నుంచీ ఆయన మీద పడ్డారు. కింద పడేసి తన్నారు. ఒకడు రాయి ఎత్తి ఆయన కుడి చేతి మీద వేశాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినపడింది. నేను అడ్డం పోతే నన్ను కంపలోకి తోశారు. ఆ ముళ్లు వారం రోజులు వెతుక్కుని తీసుకున్నాను.

ఆపింది హనుమంతే. "నిలపండ్రా!" అన్నాడు. మొహం నిండా రక్తం. రుమాలుతో కళ్లు తుడుచుకుని ఆయన ముందు గొంతుక్కూర్చున్నాడు. అరవలేదు.

"నువ్వే కదా సామీ చెప్పింది, కంచె పడతాదని. ఈటి కోసరమే కంచె అంటివి. ఇవి లేకుంటే కంచె ఎందుకొస్తాది? మా పిల్లోళ్లు, గొర్లు బతకల్ల కదా. నీ మాట నమ్మే చేసినాం."

ఆ కంచె సంగతి నాకు తర్వాత పూర్తిగా తెలిసింది. ఏ ఆఫీసులోనూ, ఏ అధికారి తలలోనూ అలాంటి కంచె లేదు. ఆయన సంతోషంలో ఆయన నోట్లో పుట్టింది, అంతే. అది నిజమని నమ్మినవాళ్లు ఆ ఊరివాళ్లు మాత్రమే.

కాపర్లు దిగి వెళ్లిపోయారు. టైర్లు కాలి కాలి ఆరిపోయాయి. ఆయన విరిగిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని, కుప్ప దగ్గర కూర్చుని, ఎడమ చేత్తో ఒక్కొక్క గబ్బిలాన్ని తీసి, రెక్క విప్పి, రెండో వేలు చూడసాగాడు. "లేదు" అని పక్కన పెట్టేవాడు. ఇంకోటి తీసేవాడు. "లేదు." ఇంకోటి. "లేదు." నేను ఎంత వద్దన్నా ఆగలేదు. ఒక్క దానికీ గోరు లేదు. ఆయన వెతికినవన్నీ అవే.

నేను అప్పుడొక మాట అన్నాను. ఆ పూట అనదగ్గ మాటేనా అంటే, అనదగ్గదేనని ఇప్పటికీ అంటాను. "సార్, ఒకటి తీసుకుపోదాం. ఎలాగూ చచ్చిపోయినాయి. పంపితే చుక్క పడుతుంది."

ఆయన ఎడమ చెయ్యి నా మీదికి లేచింది. నా చెంప దాకా వచ్చి ఆగింది. "చుక్క అంటే ఏందమ్మా? ఈడ ఉండాయి అని. యాడుండాయి? చూపించు!" అన్నాడు. తర్వాత పసిపిల్లాడిలా ఏడ్చాడు. కొండ కింద నుంచి హనుమంతు ఒక పార పంపించాడు, తను రాలేదు. తవ్వింది నేను. నేల ఎంత గట్టిగా ఉందంటే పార దిగక నిప్పురవ్వలు లేచాయి. అన్నిటినీ పూడ్చేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. పోలీసులు అడిగితే హనుమంతు, ఆయన ఇద్దరూ గుట్ట మీద జారిపడ్డామనే చెప్పారు.

చెయ్యి వంకరగా అతుక్కుంది. చూపుడు వేలు నిటారుగా లేవడం మానేసింది, కొక్కెంలా వంగి ఉండేది. గోడ అవతల చప్పుళ్లు ఆగిపోయాయి. పిల్లలు ఎంత గోల చేసినా ఆయన బోర్డు తుడుచుకుంటూ నిలబడేవాడు. మస్తాన్ ఒకరోజు కావాలనే బీకరు పగలగొట్టాడు, సారు తిడతాడేమోనని. "కాళ్లకు గుచ్చుకుంటాది, జాగ్రత్తప్పా" అన్నాడట. మస్తాన్ మా ల్యాబుకు వచ్చి ఏడ్చాడు. నాకూ ఆ మంచితనం భయమేసింది. స్టూళ్లు విరగ్గొట్టే మనిషే నాకు కావాలనిపించింది. పటం గోడ మీద నుంచి ఎప్పుడు తీశాడో తెలియదు, నాలుగు మేకులు మాత్రం మిగిలాయి.

ఒక్కసారే కదిలించాను. "వేరే గుట్టల్లో వెతుకుదామా సార్? ఆ రోజు బయట మేతకు పోయి తిరిగి రానివి ఉంటాయి కదా."

చాలా కాలానికి ఆయన కళ్లలో పాత మంట కనబడింది. నా బల్ల అంచు పట్టుకుని వంగి, పళ్లు నూరుతూ అన్నాడు: "కనబడితే నోరు మూసుకో. ఎవురికీ చెప్పొద్దు. నాకు కూడా." అదే ఆయన నాతో కోపంగా మాట్లాడిన ఆఖరి మాట. ఆ తర్వాత అన్నీ మెత్తటి మాటలే. కాలేజీ మెట్ల మీద గుండె పట్టుకుని కూలిపోయిన రోజు కూడా, ఎత్తుకున్న మస్తాన్‌తో "బరువుగా ఉండానా నాయనా?" అన్నాడట.

సంతాప సభ అయిన వారానికి మా పిన్ని కొడుకు తోటకు పోయాను. బోరు నీళ్ల మీద కొంచెం అరటి, పక్కనే దానిమ్మ వేశాడు. దానిమ్మకు పిట్టలు రాకుండా వల కప్పాడు. పొద్దున్నే అరటి గెల కింద వేలాడే పువ్వు దొప్పల మీద సన్నటి గీతలు చూశాను. గబ్బిలం గోళ్లతో పట్టుకుని వేలాడిన గీతలు. వాటి మీద వేలు పెట్టి చూస్తుంటే, వల దగ్గర నుంచి మా తమ్ముడి తిట్లు వినిపించాయి.

వలలో ఒక గబ్బిలం చిక్కుకుని కొట్టుకుంటోంది. వాడు కర్ర ఎత్తాడు. నేను పరిగెత్తిపోయి కర్ర లాక్కుని, వాణ్ణి ఒక్క తోపు తోశాను. వాడు పాదులో పడ్డాడు. వల తాళ్లు ఒక్కొక్కటే తప్పిస్తుంటే అది నా చేతిని కండ పట్టి కొరికింది. నేను వదల్లేదు. మూతి సన్నగా ఉంది. రెక్క మెల్లగా విప్పాను. బొటనవేలు, దాని గోరు. రెండో వేలు.

కళ్లు తుడుచుకుని మళ్లీ చూశాను. లేదు.

లోకమంతా వినపడేలా అరవాలనిపించింది. ఆయనకు చెప్పాలనిపించింది, అది మరీ ఘోరంగా అనిపించింది. చేతులు చాచి పైకి ఎగరేశాను. గుట్టల వైపు పోయింది. ఏ గుట్టలోకో చూడకుండా తల తిప్పుకున్నాను. ఆ మధ్యాహ్నం ఆసుపత్రిలో గబ్బిలమని చెప్పి సూదులు వేయించుకున్నాను, ఎక్కడ కరిచిందంటే మా ఇంటి మిద్దె మీద అన్నాను.

అది ఎగిరిపోయిన వెంటనే మా తమ్ముడు మట్టి దులుపుకుంటూ లేచాడు. "ఏంది అక్కా, చెయ్యంతా రక్తం కారతాంటే అట్ల నవ్వుతాండావు? ఏం గబ్బిలాయి అది? ఏమన్నా కొత్త రకమా?"

"కొత్తదేందిరా, మామూలుదే. యాడ చూసినా ఉండేదే" అన్నాను.